ఇంట్లో చేసే గంజాయి పరీక్ష కిట్: అయిదు స్ట్రిప్పుల పెట్టెలో మూడు వాడిన తరువాత

ఆన్‌లైన్‌లో నేను తెప్పించుకున్న ఈ పెట్టెలో అయిదు స్ట్రిప్పులు ఉంటాయి. ఒక్కొక్కటి విడివిడిగా రేకు సంచిలో మూసి ఉంటుంది, పక్కనే తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి. మూత్రంలో గంజాయి ఆనవాళ్ళు ఉన్నాయా లేవా అన్నది అయిదు నిమిషాల్లో చెబుతుందని పెట్టె మీద అచ్చువేశారు. నాకు పడిన ధర అయిదు వందల పైచిలుకు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివి చాలా పేర్లతో దొరుకుతున్నాయి, అన్నిటి పనితీరూ దాదాపు ఒకటే కాబట్టి, నేను చెప్పబోయే మంచిచెడ్డలు ఏ పెట్టె కొన్నవారికైనా పనికివస్తాయి.

నేను విజయనగరంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై ఏళ్ళ మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి, వేసవి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాడు. వచ్చిన మొదటి వారంలోనే తేడా తెలిసింది. తెల్లవారుజామున నాలుగింటికి పడుకొని మధ్యాహ్నం రెండింటికి లేచేవాడు. పెద్ద చెరువు గట్టు మీదికి నడకకు రమ్మంటే, అక్కడ కూర్చున్నవాళ్ళంతా తన గురించే చెప్పుకుంటున్నారని వెనక్కి తిరిగేవాడు. ఫోను కెమెరా మీద నల్ల టేపు అంటించుకున్నాడు. ఒకరోజు ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులో పలుచని చుట్టుడు కాగితాలూ, ఎర్రబడిన కళ్ళలో వేసుకునే చుక్కల మందు సీసా దొరికాయి.

ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే ‘శీలావతి’ రకం గంజాయి పేరు మా జిల్లాలో పేపరు చదివే ప్రతివారికీ తెలుసు. అరకు నుంచి ఘాట్ రోడ్డు దిగివచ్చే బండ్లను శృంగవరపుకోట వైపు ఆపి సోదా చేయడం, దొరికిన మూటలను బల్ల మీద పేర్చి వెనకాల పోలీసులు నిలబడడం, ఆ ఫొటోలు ఎన్ని చూశానో లెక్కలేదు. బల్ల మీది సరుకు దొరక్కుండా వెళ్ళిపోయినప్పుడు ఎవరి జేబులోకి చేరుతుందని మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. మా అబ్బాయిని అడిగితే లేదన్నాడు. మా వారు కేకలు వేశారు. ఎవరి మాటా తేలని ఆ ఇంట్లో, కొలిచి చెప్పే వస్తువు ఏదైనా ఉంటే గొడవ తీరుతుందని నాకు తోచింది. సైన్సు చెప్పుకొని బతికేవాళ్ళకు ఉండే బలహీనత అది.

మొదటి ఫిర్యాదు పార్సిల్ గురించి. అట్టపెట్టె మీద వస్తువు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. నేను బడిలో ఉండగా అది వస్తే ఎదురింటి పిన్నిగారు తీసుకున్నారు. సాయంత్రం చేతికిస్తూ, “ఏవో పరీక్షల సామాను వచ్చిందమ్మా, మీ బడికా?” అన్నారు. అవునన్నాను. శానిటరీ నాప్‌కిన్లను కూడా పేపర్లో చుట్టి, పైన నల్ల కవరు వేసి ఇచ్చే మన ఊళ్ళలో, ఈ ఒక్క వస్తువును మాత్రం పేరు కనబడేలా పంపాలని ఎవరికి తోచిందో!

ఇక అసలు పని. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. కాలేయం దాన్ని మార్చి మార్చి చివరికి ఒక ఆమ్లంగా చేస్తుంది, స్ట్రిప్పు మూత్రంలో వెతికేది ఆ ఆమ్లాన్నే. స్ట్రిప్పు అడుగున ఆ ఆమ్లాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు రంగు రేణువులతో కలిసి ఉంటాయి. పైన ‘టి’ అని రాసిన చోట అదే పదార్థాన్ని ముందుగానే అతికించి ఉంచుతారు. మూత్రంలో ఆనవాలు లేకపోతే యాంటీబాడీలు ఖాళీ చేతులతో పైకి పాకి, ‘టి’ దగ్గర అతుక్కొని ఎర్రటి గీత వేస్తాయి. మూత్రంలో ఆమ్లం మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు దాటి ఉంటే, దారిలోనే వాటి చేతులు నిండిపోతాయి కాబట్టి ‘టి’ దగ్గర గీత పడదు. స్ట్రిప్పు సరిగా పనిచేసిందని చూపే గీత ‘సి’ అని రాసిన చోట పడుతుంది. అంటే రెండు గీతలు వస్తే లేనట్టు, ‘సి’ దగ్గర ఒక్క గీతే వస్తే ఉన్నట్టు, ‘సి’ గీత కూడా రాకపోతే ఆ స్ట్రిప్పు పనికిరానట్టు. కోవిడ్ రోజుల్లో మనం ముక్కులో పుల్ల పెట్టి చేసుకున్న పరీక్షా, గర్భం తెలుసుకునే పరీక్షా ఇందుకు పూర్తిగా తలకిందులు; వాటిలో రెండో గీత పడితేనే భయమో, సంతోషమో.

ఈ తేడా పెట్టె మీద ఎక్కడా లేదు. లోపల మడతలు పెట్టిన కాగితం మీద, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెలుగు ముక్క ఒక్కటి లేదు.

మా వాడు పరీక్షకు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. “ఏటమ్మా ఇది, నన్ను దొంగని చేసీసినావా?” అన్నాడు మొదట. తరువాత ఏమనుకున్నాడో, కాగితపు కప్పు తెచ్చి వంటింటి గట్టు మీద ఠపీమని పెట్టాడు. బాణం గుర్తు దాటకుండా స్ట్రిప్పును పదిహేను సెకన్లు ముంచి, పళ్ళెంలో పడుకోబెట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. అయిదు నిమిషాలకు ‘సి’ దగ్గర చక్కని గీత పడింది. ‘టి’ దగ్గర ఏమీ లేదు. “ఒక్క గీతే, హమ్మయ్య” అని పైకే అన్నాను. కళ్ళనీళ్ళు కూడా తిరిగాయి. అబ్బాయి స్ట్రిప్పు వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ మాట్లాడకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. రాత్రి పదకొండు దాటాక, కళ్ళజోడు పెట్టుకొని ఆ కాగితాన్ని మొదటినుంచీ చదివితే అసలు సంగతి అర్థమైంది. వాడు ముందురోజే ఫోనులో అంతా చదువుకున్నాడట. రెండు రోజుల తరువాత వాడే చెప్పాడు.

ఇందులో తప్పు నాది కాదని అనను. సూచనలు చదవకుండా పరీక్ష చేసే విద్యార్థికి నేను మార్కులు కోస్తాను. కానీ కోవిడ్ కిట్లు ఇంటింటా వాడిన దేశంలో, దానికి విరుద్ధంగా చదవవలసిన వస్తువును అమ్మేటప్పుడు, పెట్టె పైనే బొమ్మ వేసి చెప్పడం కనీస బాధ్యత. నేను పొరబడినట్టే ఇంకొక ఇంట్లో తిరగేసి పొరబడితే, ఏ పాపమూ ఎరగని పిల్లవాడికి రెండు గీతలు చూసి దెబ్బలు పడతాయి.

స్ట్రిప్పు ఆమ్లాన్ని పట్టుకోవడంలో నిజాయితీగానే పని చేసింది, అది ఒప్పుకోవాలి. అయితే అది తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి, కొనేవారు వాటిని తెలుసుకొని ఉండాలి. కడుపులో మంటకు మనం పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ మాత్ర వాడేవారిలో, గంజాయి తాకకపోయినా ఇలాంటి మూత్ర పరీక్షలు ఉన్నట్టు చూపిన సందర్భాలు ఉన్నాయి. ఆ మాత్ర లేని తెలుగు ఇల్లు ఉందా? హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ విషయంలోనూ ఇదే మాట. మరోవైపు, పరీక్షకు ముందు బిందెడు నీళ్ళు తాగితే మూత్రం పలచబడి, ఉన్నది కూడా లేనట్టు కనిపించవచ్చు. రసాయనాలతో తయారుచేసి అమ్మే కృత్రిమ గంజాయిని ఈ స్ట్రిప్పు అసలు గుర్తించదు. అందుకే ఉద్యోగం, కోర్టు వంటి వ్యవహారాల్లో దీని మాట మీద ఆగకుండా ప్రయోగశాలలో, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే పద్ధతితో నిర్ధారిస్తారు. వంటింటి గట్టు మీద తేలినది అనుమానమే గాని తీర్పు కాదు.

ఆ రాత్రి నిద్ర పట్టక 14416కు ఫోను చేశాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలి మానస్ నంబరు ఇది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి కేంద్ర స్థానం. ఎప్పుడు చేసినా పలుకుతుంది, డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడిన అమ్మాయి, స్ట్రిప్పు సంగతి నేను మూడుసార్లు ఎత్తినా అంతగా పట్టించుకోలేదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయని అంటున్నాడా, చనిపోవాలని ఉందని ఎప్పుడైనా అన్నాడా, ఇవే అడిగింది. ఆలస్యం చేయకుండా మానసిక వైద్యునికి చూపించమంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గంజాయి అమ్మకాల గురించి సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో మాదకద్రవ్యాలను అరికట్టే ఈగల్ అనే పోలీసు విభాగం పెట్టిన 1972 నంబరు వేరు, ఇది వేరు. మా సహోద్యోగిని ఒకావిడ రెండూ ఒకటేనని భ్రమపడి, పోలీసులు వస్తారేమోనన్న భయంతో నెలల తరబడి ఎవరికీ ఫోను చేయలేదు.

ఆ భయం ఎక్కడిదో తెలుసు కాబట్టి చట్టం మాట కూడా రాస్తున్నాను. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం గంజాయి వాడకానికి ఆరు నెలల వరకు జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని ఉండవచ్చు. అదే చట్టంలో 64ఏ సెక్షన్, తనంతట తాను చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసే వ్యసనపరుణ్ణి ఈ వాడకం కేసు నుంచి కాపాడుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం, మత్తుపదార్థాల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్కించి, రోగి వివరాలను గోప్యంగా ఉంచుకొనే హక్కు ఇచ్చింది. మా అన్నయ్య ఏదో కేంద్రంలో ఆరు నెలలు గదిలో పెట్టి తాళం వేస్తారని, అక్కడ పడేయమని సలహా ఇచ్చినప్పుడు, మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టమే నిషేధించిందని చెప్పి ఆయన నోరు మూయించగలిగాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకొని, వరుసలో గంటన్నర కూర్చున్నాం. ఫోనులో స్ట్రిప్పు ఫొటో చూపిస్తే వైద్యుడు చూసి, “అబ్బాయి ఒప్పుకున్నాకే చేశారా?” అని అడిగి, ఫోను తిరిగి ఇచ్చేశారు. వాడితో విడిగా మాట్లాడారు. తరువాత నన్ను పిలిచి, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండేదా అని అడిగినప్పుడు నాకు గొంతు పట్టేసింది. మా చిన్న మరిదికి ఇరవై రెండేళ్ళప్పుడు ‘గాలి సోకింది’ అన్నారు. ఊరంతా తిప్పి, చివరికి విశాఖపట్నం చిన వాల్తేరులోని మానసిక ఆసుపత్రిలో చూపించారు. ఆ మాట మా అత్తవారింట్లో ఎవరూ ఎత్తరు, పిల్లలకు తెలియదు. పెట్టెలో ఉన్న అయిదు స్ట్రిప్పులూ వాడినా బయటపడని ఈ సంగతే వైద్యుడు మొదట కాగితం మీద రాసుకున్నారు.

గంజాయి తాగిన వారందరికీ మతి చెడదని, ఎక్కువమందికి అలా జరగదని ఆయన స్పష్టంగానే చెప్పారు. ఎవరికి ప్రమాదం ఎక్కువ అన్నదే ప్రశ్న. చిన్న వయసులో మొదలుపెట్టినవారు, రోజూ తాగేవారు, ఘాటైన సరుకు వాడేవారు, వంశంలో జబ్బు ఉన్నవారు. తరువాత నేను వెతికి చదివిన వాటిలో రెండు అధ్యయనాలు మనసులో నిలిచాయి. స్వీడన్‌లో 1969, 70 సంవత్సరాల్లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేల మందికి పైగా యువకులను పదిహేనేళ్ళ పాటు గమనించి 1987లో ప్రచురించిన లెక్కల ప్రకారం, సైన్యంలో చేరే నాటికే యాభై సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు, వాడనివారిలో కంటే ఆరు రెట్లు కనిపించింది. 2019లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ పలు ఊళ్ళలో చేసింది; అసలు వాడనివారితో పోలిస్తే, రోజూ వాడేవారికి సైకోసిస్ (లేనిది ఉన్నట్టు కనబడడం, వినబడడం, అనుమానాలు పెరగడం) వచ్చే అవకాశం మూడు రెట్లు, టీహెచ్‌సీ పది శాతం, ఆపైన ఉన్న సరుకు రోజూ వాడేవారికి దాదాపు అయిదు రెట్లు అని తేల్చింది. అయితే మనసు బాగాలేకనే కొందరు దాని వైపు వెళతారన్నదీ నిజమే. మా వాడు వైద్యునితో చెప్పినది కూడా అదే. రెండో సంవత్సరంలో మూడు సబ్జెక్టులు తప్పాక నిద్ర పట్టక మొదలుపెట్టాడట. తప్పిన సంగతి మాకు తెలియదు.

చికిత్స వివరాల్లోకి ఎక్కువగా వెళ్ళను. అనుమానాలు తగ్గడానికి ఒక మాత్ర, వారానికోసారి కౌన్సెలింగ్. గంజాయి అలవాటును మాన్పించడానికంటూ ప్రత్యేకంగా మందు లేదని, మాటలతోనే ఎక్కువ పని జరగాలని చెప్పారు. మానిన మొదటి వారం మాత్రం కష్టంగా గడిచింది. ప్రతి చిన్నదానికీ విసుగు, చెమటలు, అర్ధరాత్రి పీడకలలు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అంటే ప్రాణం పెట్టేవాడు కంచం ముందు కూర్చొని రెండు ముద్దలకే లేచిపోయేవాడు. మానిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో ముదిరి, రెండు వారాలకు చల్లబడే లక్షణాలు ఇవని ముందే చెప్పి పంపారు కాబట్టి తట్టుకున్నాం.

కిట్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది. మానిన పదిహేడో రోజున, మా వారి పట్టుదల మీద రెండో స్ట్రిప్పు వాడాం. మళ్ళీ ఒక్క గీతే. ఇంట్లో ఆ సాయంత్రం జరిగినది రాయడానికి మనసొప్పడం లేదు. మానేశానని వాడు ప్రమాణం చేసినకొద్దీ మా వారు స్ట్రిప్పును వాడి ముఖం ముందు ఆడించారు, నేను అడ్డుపడలేదు. మరునాడు వైద్యుడు చెప్పినది విని తలదించుకున్నాం. టీహెచ్‌సీ కొవ్వులో కరిగే పదార్థం. ఎప్పుడో ఒకసారి తాగినవారి మూత్రంలో మూడు నాలుగు రోజుల్లో మాయమయ్యే ఆనవాలు, నెలల తరబడి రోజూ తాగినవారి శరీరపు కొవ్వులో దాగి, కొద్దికొద్దిగా ఊరుతూ మూడు నాలుగు వారాల వరకు, ఒక్కొక్కరిలో అంతకు మించి కూడా కనిపించవచ్చు. ఈ రోజు పొద్దున్న తాగినవాడికీ, పదిహేడు రోజులుగా పళ్ళు బిగించి మానినవాడికీ స్ట్రిప్పు వేసే గీత ఒకటే. కొనేవారిలో ఎక్కువమంది తల్లిదండ్రులు, మానాడా లేదా అని చూడడానికే వాడతారని అమ్మేవారికి తెలియదా? ఈ ఒక్క వాక్యం ఆ మడత కాగితంలో లేదు. నానోగ్రాముల లెక్క మాత్రం పట్టికలతో సహా ఉంది.

ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో గంజాయి, భంగు వంటివి వాడేవారు 3.1 కోట్ల మంది. వారిలో ఆ అలవాటు వల్ల ఇబ్బంది పడి సహాయం కావలసినవారు సుమారు 72 లక్షలు. తాగాడా లేదా అన్నది చెప్పే వస్తువు అయిదారు వందలకు దొరుకుతుంది. ఇబ్బంది పడుతున్నాడా అన్నది తెలుసుకోవడానికి నాకు ఓపీ వరుసలో గంటన్నర, మరిది సంగతి నోరు విప్పి చెప్పడానికి ఇరవై ఏళ్ళు పట్టాయి.

నిల్వ గురించి చిన్న మాట. రెండు నుంచి ముప్పై డిగ్రీల మధ్య ఉంచమని రాశారు. మే నెలలో మా డాబా ఇంట్లో కరెంటు పోతే ముప్పై డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి? పూజ గది అలమరలో, కింది అరలో పెట్టాను. రేకు సంచి చింపాక వెంటనే వాడాలి, పది నిమిషాలు దాటాక పడిన గీతను చదవకూడదు.

మార్కులు వేయమంటే, చెప్పిన పని చేసినందుకు అయిదుకు మూడు. సూచనల కాగితానికి సున్నా. ఇరవై ఏళ్ళవాడికి చెప్పకుండా, ఒప్పించకుండా వాడదామనుకునేవారు కొనవద్దు. వైద్యుని సలహాతో, పిల్లవాడికి తెలిసే, ముప్పై రోజులు గడిచాక చూసుకుంటామంటే కొనవచ్చు.

మూడో స్ట్రిప్పు మేము అడగలేదు. ముప్పై నాలుగో రోజున వాడే తీసుకొని, వంటింటి గట్టు దగ్గర గడియారం చూస్తూ నిలబడ్డాడు. ‘సి’ దగ్గర ముదురు గీత, ‘టి’ దగ్గర ఉందా లేదా అన్నంత పలుచని గీత. మా వారు కిటికీ వెలుగులో పట్టుకొని, “ఇది గీతేనంటావా?” అని నన్ను అడిగారు. ఎంత పలుచగా ఉన్నా గీత గీతేనని కాగితం చెబుతోంది. ఈసారి ఆ వాక్యాన్ని అబ్బాయే పైకి చదివి, వాళ్ళ నాన్నకు తెలుగులో చెప్పాడు. రాత్రి పదకొండింటికే పడుకున్నాడు. ఫోను మీద నల్ల టేపు ఇంకా ఉంది; దాని గురించి వచ్చే మంగళవారం వైద్యుణ్ణి అడగాలి.